ఐదు ముప్పైలు

నల్లరాతిపాడు ప్రాథమిక పాఠశాలలో పిల్లలు ఆరుగురే మిగిలారు కాబట్టి, శుక్రవారం పదకొండు గంటలకి వాళ్లని ఇరవైతో గుణించాలని పైఆఫీసు నుంచి ఫోను వచ్చింది. ఫోను వచ్చేసరికి వకుళ టీచరు వంటగది గుమ్మంలో కోడిగుడ్లు లెక్కపెడుతోంది. సరేనండీ అని పెట్టేసింది. లెక్క తప్పడంతో మళ్లీ మొదటి గుడ్డు నుంచి మొదలుపెట్టింది.

ఇందులో కొత్తేమీ లేదు. రెండేళ్ల కిందటి దాకా పిల్లలు వందకి తగ్గిన బడిని మూసేసి, పక్క ఊరి బడిలో కలిపేసేవాళ్లు. ఊళ్లవాళ్లు రోడ్ల మీద బైఠాయించి గోల చేస్తుంటే, శాఖలో ఎవరో బుద్ధిమంతుడు మూడో తరగతి లెక్కల పుస్తకం తిరగేశాడు. తక్కువైనదాన్ని ఎక్కువ చేసే ఉపాయం గుణకారం పాఠంలో ఉండనే ఉంది. ఏడుతోనో పదమూడుతోనో గుణిస్తే గుడ్ల పంపిణీ చిందరవందర అవుతుంది గనక పది, ఇరవై, ముప్పై లాంటి సంఖ్యలే వాడాలన్నారు. ఆ ఏడాదే చాలా బడులు కళకళలాడాయి. పిల్లల మొహాలన్నీ ఒకేలా ఉన్నాయని ఎవరూ తప్పుపట్టలేదు. సర్కారు బడి పిల్లలు పైవాళ్లకి ఎప్పుడూ ఒకేలాగే కనిపిస్తారు.

పద్ధతి సులువే. బడి వాకిట్లో సున్నంతో ఒక గడి గీస్తారు. పిల్లలు అందులో నిలబడతారు. ఒక్కరు మాత్రం బోర్డు దగ్గర లెక్క చేస్తారు. సుద్దముక్క పట్టుకున్న పిల్ల గుణకారంలోకి రాదు, ఒకటిగానే మిగులుతుంది. లెక్క పిల్లలే చెయ్యాలి, టీచరు చెయ్యకూడదు. దాంతో బడికి సంఖ్యా పెరుగుతుంది, పిల్లలకి లెక్కలు వచ్చాయో లేదో పరీక్షించినట్టూ అవుతుంది. లెక్క నడుస్తుండగా టీచరు నోరు విప్పినా, చేత్తో సైగ చేసినా, అప్పటికి బోర్డు మీద ఏ అంకె ఉంటే అదే ఖాయం. గుణించాక ఇంటికి ఒక్కొక్కరినే పంపిస్తారు. మిగతావాళ్లు బల్లల, బీరువాల మాదిరే బడి ఆస్తి. మళ్లీ మామూలుగా చెయ్యడానికి భాగహారం ఉంది. కానీ భాగహారం నాలుగో తరగతి పాఠం. ముందే చెబితే ఒప్పుకోరు.

ఫోను వచ్చిన రాత్రి నుంచీ వకుళకి కంటి మీద కునుకు పట్టకపోవడానికి కారణం వేరే ఉంది. ఆ ఆరుగురిలో ఒకతె ఆమె కూతురు ధాత్రి.

పోయిన ఏడు చివరికి ఈ బడిలో పిల్లలు ఐదుగురే. ఆరుకి తగ్గితే గుణించడానికి కూడా పనికిరారని రూలు. బడి పోతే ఆ ఐదుగురూ క్వారీ రోడ్డు దాటి తెల్లబాడు బడికి నడవాలి. గ్రానైటు రాళ్లు వేసుకుని లారీలు ఆ మలుపులో హారను కూడా కొట్టకుండా వస్తాయి. పక్కనున్న పైగుంట ఊళ్లో బడి మూసినప్పుడు అక్కడి తల్లులు పిల్లల్ని ఆ రోడ్డు మీదికి పంపలేక చదువే మాన్పించారు. వకుళ అది కళ్లారా చూసింది. టౌనులో కాన్వెంటు చదువుతున్న ధాత్రిని మాన్పించి, తన వెంట స్కూటీ మీద తెచ్చుకుని, ఆరో పిల్లగా చేర్చుకుంది. "ఊరి పిల్లల కోసం మన పిల్లని లెక్కలో వేస్తావా?" అని భర్త మురహరి వారం రోజులు మాట్లాడలేదు. ఒక్క ఏడాదేనండీ, సుద్దముక్క దానికే ఇస్తాను, దానికేం కాదు అని వకుళ మాటిచ్చింది.

ఆ మాట నిలబెట్టుకోవడం కష్టమేమీ కాదనే ఆమె అనుకుంది. బడిలో మూడో తరగతి చదివేవాళ్లు ఇద్దరే, ధాత్రీ జోయెలూ. తక్కిన నలుగురూ ఒకటీ రెండూ తరగతుల బుడతలు, వాళ్లకి కూడికలే సరిగా రావు. జోయెల్ వంటచేసే ఎస్తేరమ్మ కొడుకు. లెక్కల్లో చురుకు. అసలు చిక్కంతా ఆ చురుకుతోనే వచ్చింది. వాడి అక్క హైస్కూల్లో చదువుతోంది. ఆ అక్క వాడికి పెద్దవాళ్ల పద్ధతి నేర్పింది, కుడి నుంచి మొదలుపెట్టి ఒక్కో అంకెనీ గుణించుకుంటూ పోవడం. కాయితం మీద ఆ పద్ధతికి ఢోకా లేదు. గడిలో మనుషులు నిలబడి ఉన్నప్పుడు మాత్రం అది ప్రమాదం. ఇరవైలో కుడివైపు ఉండేది సున్నా. ఎంతమందినైనా సున్నాతో గుణిస్తే ఏమవుతుందో ఒకటో తరగతి పిల్లకి కూడా తెలుసు.

కొత్తచెరువుపాలెంలో అలాగే జరిగింది. అక్కడి పిల్ల బోర్డు దగ్గర "తొమ్మిది సున్నాల సున్నా" అని రాసింది. గడి ఖాళీ అయింది. తరవాత తొమ్మిది రెళ్లు చెప్పేలోపే అన్నం బెల్లు కొట్టారు. ఆ పిల్ల సుద్దముక్క పడేసి కంచం పట్టుకుని పరిగెత్తింది. లెక్క అక్కడితో ముగిసినట్టు అధికారి సంతకం పెట్టాడు. పిల్ల ఒక్కతే ఉన్న బడి నడపడం అనవసరమని మూసేశారు. తిరిగి రాని పిల్లలకి తల్లిదండ్రులు వేరే బడిలో సీటు అడిగితే వెంటనే ఇవ్వాలని ఉదారంగా ఆదేశం కూడా ఇచ్చారు.

అందుకే వకుళ తన పిల్లలకి వేరే పద్ధతి నేర్పింది. సున్నాని అరచేత్తో మూసెయ్యాలి. మిగిలిన అంకెతో గుణించాలి. జవాబు రాశాక చెయ్యి తీసి, దాచిన సున్నాని పక్కన పెట్టాలి. ఐదు రెళ్ల పది, పక్కన సున్నా, వంద. దారిలో ఎక్కడా ఎవరూ మాయం కారు. బడిలో పొద్దుటా, ఇంట్లో సాయంత్రం, ధాత్రి చేత రాయించింది. ఆ పిల్లకి లెక్కలంటే భయం. ఎడమ చేత్తో సున్నాని గట్టిగా అదిమిపట్టి, కళ్లు మూసుకుని ఎక్కం చెప్పేది.

"అమ్మా, సున్నా అంటే ఏమీ లేదని కదా. ఏమీ లేనిదాన్ని పక్కన పెడితే ఎట్లా పెరుగుతాయి?" అని అడిగింది ఒకసారి.

"దానికో చోటు ఇచ్చాం కాబట్టి," అంది వకుళ. "ముందు చెయ్యి గట్టిగా పెట్టు. కదిలించకు."

శుక్రవారం గుణకార పరిశీలకుడు అనంతశయనం గారు అరగంట ఆలస్యంగా జీపు దిగారు. మర్యాదస్తుడు. చెప్పులు బయట విడిచి, పిల్లలకి తలా ఒక పిప్పరమెంటు బిళ్ల పెట్టి, ఎస్తేరమ్మ ఇచ్చిన టీ తాగి, పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగి తెలుసుకున్నారు. తెల్లబాడులో ఎవరింట్లోనో గృహప్రవేశం ఉందట, పన్నెండున్నరకల్లా వెళ్లాలన్నారు. వకుళ ధాత్రి చేతికి సుద్దముక్క ఇచ్చింది.

"ఈ అమ్మాయి మీ అమ్మాయి కదూ?" అన్నారాయన.

"అవునండీ. మూడో తరగతి."

"టీచరుగారి పిల్ల చేత చేయిస్తే రేపు నలుగురూ నాలుగు మాటలు అంటారు మేడం. మీకూ మంచిది కాదు, నాకూ మంచిది కాదు. ఇంకొకరు లేరా?"

 జోయెల్ ఉన్నాడు గానీ వాడికి జలుబు అని వకుళ ఏదో చెప్పబోయింది. ఆయన అప్పటికే ధాత్రి చేతిలోంచి సుద్దముక్క తీసుకుని జోయెల్‌కి ఇచ్చేశారు. ధాత్రి తల్లి వంక చూసింది.  వకుళ అడ్డుపడితే ఆయనకి కోపం వచ్చి వెళ్లిపోవచ్చు, వెళ్లిపోతే బడి పోతుంది. ధాత్రి వెళ్లి గడిలో నలుగురు బుడతల పక్కన ఐదోదిగా నిలబడింది. ఫర్వాలేదు, జోయెల్‌కి కూడా సున్నా మూసే పద్ధతి వచ్చు, ఎన్నోసార్లు చేయించాను అని వకుళ తనకి తాను సర్దిచెప్పుకుంది.

"ఇరవై ఎందుకండీ, ముప్పై పెడదాం," అన్నారు అనంతశయనం గారు. "గుడ్ల ట్రేకి ముప్పై పడతాయి. ఐదు ముప్పైలు, ఐదు ట్రేలు. పంపిణీవాళ్లకి సుఖం. రాయి నాయనా."

జోయెల్ బోర్డు మీద ముప్పై వేసి, కింద ఐదు వేసి, గుణకారం గుర్తు పెట్టాడు. ఎడమ చెయ్యి పైకెత్తాడు.  వాడు అధికారి చెప్పులు లేని కాళ్లనీ, తెల్లచొక్కానీ, జేబులో పెన్నునీ ఒకసారి చూశాడు. ఇంత పెద్దాయన ముందు చిన్నపిల్లల పద్ధతి చేస్తే ఏం బాగుంటుందనుకున్నాడో ఏమో, చెయ్యి దించేశాడు.

"ఐదు సున్నాల సున్నా," అని గట్టిగా చెప్పి, గీత కింద సున్నా రాశాడు.

గడి ఖాళీ అయింది. చప్పుడేమీ కాలేదు. ధాత్రి నిలబడ్డచోట సున్నం గీత ఎండలో మెరుస్తోంది. అంతే. వకుళ తలుపు పట్టుకుంది. ఇంకొక్క మాట చాలు, ఐదు మూళ్ల పదిహేను. వాడికి వచ్చు. వాడు నోరు తెరిచాడు కూడా.

అప్పుడే అనంతశయనం గారి జేబులో ఫోను మోగింది. ఆయన అరచెయ్యి చూపించి "ఒక్క నిమిషం, ఆగు," అన్నారు. జోయెల్ చెప్పిన మాట వినే పిల్లవాడు. ఆగాడు.

"ఆఁ, బయల్దేరుతున్నా బావగారూ... లేదు లేదు, చిన్న పని... వాస్తుకి ఎవరు వచ్చారు?... అట్లాగా... తూర్పు గుమ్మమే మంచిదండీ..."

వకుళకి అరవాలని ఉంది. వాడి చెయ్యి పట్టుకుని తనే రాసెయ్యాలని ఉంది. నోరు విప్పితే బోర్డు మీద సున్నా ఖాయం. కనుబొమ్మ ఎగరేసినా సైగే. ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, పెదవి కొరుక్కుని, గోడ మీది కాలచక్రం బొమ్మ వైపు చూస్తూ నిలబడింది. జోయెల్ వెనక్కి తిరిగి వాకిలి చూశాడు. ఖాళీ గడి కనబడేసరికి వాడి మొహం పాలిపోయింది. ఆ తరవాత టీచరు వంక చూశాడు. టీచరు తన వంక చూడటం లేదు. వాడికి తను ఏదో ఘోరం చేశానన్నది అర్థమైంది. ఏం చెయ్యాలో మర్చిపోయాడు. సుద్దముక్క చేతిలోంచి జారబోయింది. అది నేల మీద పడితే లెక్క ముగిసినట్టే.

"ఆ పాయసం మాత్రం బెల్లంతోనే చేయించండి, నాకు షుగరు..." అంటున్నారు అనంతశయనం గారు.

ఎస్తేరమ్మ గరిటె పట్టుకుని వంటగదిలోంచి వచ్చింది. టీచరు మాట్లాడకూడదని ఉత్తర్వులో ఉంది గానీ వంటమనిషి సంగతి అందులో ఎవరూ రాయలేదు.

"ఏందిరా అట్టా గుడ్లప్పగించి నిలబడ్డావు? మొదలుబెట్టినోడివి ముగించవా? టీచరమ్మ బిడ్డా, పసోళ్లూ యాడికి పొయ్యార్రా? రాయి! రాయకుంటే ఈ గరిటె ఇరిగిద్ది చెబుతున్నా!"

తల్లి కేక వినగానే జోయెల్‌కి ఎక్కం దానంతట అదే నోట్లోంచి వచ్చేసింది. "ఐదు మూళ్ల పదిహేను." సున్నాకి ఎడమ పక్కన పదిహేను వేశాడు. వాకిలంతా పిల్లలతో నిండిపోయింది. వకుళ పరిగెత్తింది.

ఆమె ఎక్కడ చూసినా ధాత్రే. నీలం రిబ్బన్లతో రెండు జడలు, మోచేతి మీద సైకిలు నుంచి పడ్డ మచ్చ, కుడి చేతికి అంటిన సుద్దపొడి. అందరూ ఒకేసారి "అమ్మా" అనబోయి, బడిలో అలా పిలవకూడదని గుర్తొచ్చి, "టీచర్" అన్నారు. ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. వచ్చేసింది, చాలు, ఎంతమందైతేనేం అనుకుంది.

అనంతశయనం గారు ఫోను పెట్టేసి, పిల్లల్ని పదేసి మంది చొప్పున వరసల్లో నిలబెట్టించారు. పద్నాలుగు వరసలు చక్కగా వచ్చాయి. పదిహేనో వరసలో తొమ్మిది మందే ఉన్నారు. ఎస్తేరమ్మ మళ్లీ లెక్కపెట్టింది. వకుళ పేరు పేరునా విడదీసింది. బుడతలు నలుగురూ ఒక్కొక్కరు ముప్పైకి ముప్పై ఉన్నారు. ధాత్రి మాత్రం ఇరవై తొమ్మిది.

"సార్, ఒకరు తక్కువ," అంది. 

"అది మామూలే మేడం. సున్నా మీదుగా వెళ్లి వచ్చారు కదా, కొంచెం తరుగు పోతుంది. గోడౌను నుంచి వచ్చిన బియ్యం బస్తాలో పోదూ?"

"తగ్గింది మా అమ్మాయి సార్."

ఆయన కళ్లజోడు సవరించుకున్నారు. "పేరు?"

"ధాత్రి."

"ధాత్రీ!" అని పిలిచారాయన.

"ప్రెజెంట్ సార్," అన్నారు ఇరవై తొమ్మిది మంది.

"ఉందిగా మేడం," అన్నారు ఎంతో దయగా.

"అది కాదండీ. పొద్దున నేను జడలు వేసి తీసుకొచ్చిన పిల్ల... ఆ తగ్గింది అదే అయితే?"

"మొదటిది, రెండోది అని ఉండదమ్మా గుణకారంలో. ఎటు నుంచి గుణించినా ఒకటే అని మీరే కదా పిల్లలకి చెప్పేది."

 వకుళ చెప్పే పాఠమే అది. ఆయన కాయితాల మీద నూట యాభై వేసి సంతకానికి పెన్ను ఇవ్వబోయారు. నూట నలభై తొమ్మిదిని దగ్గరి పదికి సవరిస్తే నూట యాభయ్యే, పుస్తకంలో తరవాతి పాఠం అదే, పిల్లలకి చెప్పుకోవడానికి కూడా మంచి ఉదాహరణ అన్నారు. వకుళ పెన్ను తీసుకోలేదు. ఉన్నది ఉన్నట్టు రాయండి, నా కూతురు ఒకరు కనబడటం లేదని రాయండి అంది.

"రాస్తాను. నాదేం పోయింది?" అన్నారాయన నొచ్చుకోకుండా. "నూట నలభై తొమ్మిదే వేస్తాను. వచ్చే ఏడు ముప్పైతో భాగించేటప్పుడు ఏమవుతుందో ఒక్కసారి మనసులో వేసుకోండి."

ఆమె వేసుకుంది. అంత అలవాటైన పని ఆమెకి ఇంకోటి లేదు. ముప్పై నాలుగుల నూట ఇరవై. నలుగురు బుడతలూ నిక్షేపంగా నలుగురై ఎవరింటికి వాళ్లు వెళ్లిపోతారు. శేషం ఇరవై తొమ్మిది. శేషాన్ని పక్కన రాసి వదిలేస్తారు, జవాబులో కలపరు. ఆ శేషం మొత్తం ధాత్రే. ఉన్నదున్నట్టు రాస్తే ఉన్న ఇరవై తొమ్మిదీ పోతాయి. నూట యాభై అని రాస్తేనే ముప్పై ఐదుల నూట యాభై, శేషం లేదు, ధాత్రి ఒక్కతై తిరిగొస్తుంది.

వకుళ సంతకం పెట్టింది.  అనంతశయనం గారు పన్నెండున్నరకి పది నిమిషాల ముందే జీపెక్కారు.

సాయంత్రం ఇంటికి ఒకరినే తీసుకెళ్లాలి. ఎవరిని అన్నది రూల్సులో లేదు. గేటు దగ్గర ముందుగా చెయ్యి పట్టుకున్న పిల్లని స్కూటీ ఎక్కించుకుంది. మిగతావాళ్లు వరండాలో చాపలు పరుచుకుంటూ, ఏమీ అనకుండా చూస్తూ నిలబడ్డారు. ఎవరూ ఏడవలేదు, వకుళకి అదే భరించలేనంత కష్టంగా అనిపించింది. ఇంట్లో పిల్లకి పెరుగన్నం కలిపి పెడుతూ, చెవి వెనక పుట్టుమచ్చ చూసింది. ఉంది. అందరికీ ఉంది. జరిగింది చెబితే మురహరి "పిల్ల ఇంట్లోనే ఉందిగా, ఇంక దేనికి ఏడుస్తావు?" అన్నాడు. తనకీ పెరుగు వెయ్యమన్నాడు.

బడి నిలబడింది. ఊళ్లో కొబ్బరికాయ కొట్టారు. గుడ్ల ట్రేలు ఐదు దిగాయి, జోయెల్‌కి ఒక గుడ్డు విడిగా ఇచ్చారు. వాడు అక్క దగ్గరకి వెళ్లడం మానేసి, ఏ సున్నా కనబడినా చేత్తో మూసేసి లెక్కలు చేస్తున్నాడు. సోమవారం నుంచి వకుళ హాజరు పిలుస్తోంది. ధాత్రి ఒకటి, ధాత్రి రెండు, ఇలా ముప్పై దాకా. ముప్పై దగ్గర జవాబు రాదు. రిజిస్టరులో ముప్పయ్యో గడి ఖాళీగా ఉంటే కాయితాల మీద ఉన్నదీ బడిలో ఉన్నదీ కలవవు, కలవకపోతే మళ్లీ శేషమే. మొదటి రోజే పిల్లలకి ఆ సంగతి విడమరిచి చెప్పింది. ఒక్కో రోజు ఒకరు, వంతులవారీగా, తమ నంబరుకోసారీ ముప్పైకోసారీ పలకాలి. పిల్లలు బుద్ధిమంతులు, చప్పున నేర్చుకున్నారు. ఇంటికి వెళ్లేది కూడా ఆ వంతు పిల్లే అని చెప్పడంతో ఎవరూ మరచిపోవడం లేదు.

ఒక బుధవారం ధాత్రి పదకొండు వంతు వచ్చింది. పదకొండుకి జ్వరం, వంటగదిలో ఎస్తేరమ్మ దగ్గర పడుకుని ఉంది. వకుళకి ఆ మాట ధ్యాసలో లేదు. ఒకటి నుంచి పిలుచుకుంటూ వచ్చి, పదకొండు దగ్గర జవాబు రాకపోతే అప్పుడు గుర్తొచ్చింది. ముప్పైకి వచ్చేసరికి ఎవరు పలుకుతారో చెప్పనే లేదే అనుకుంటూనే అలవాటు కొద్దీ పిలిచేసింది.

"ప్రెజెంట్ అమ్మా," అని వెనక బల్ల వైపు నుంచి వినిపించింది.

వకుళ పెన్ను ఆగింది. తలెత్తి చూస్తే ఎవరన్నారో తెలుస్తుంది. తెలిస్తే మళ్లీ లెక్కపెట్టాలి. లెక్కపెడితే ఎంతమంది వస్తారో, ఆ వచ్చిన సంఖ్య ముప్పైతో సరిగ్గా పోతుందో లేదో ఎవరు చూశారు? ఆమె తల దించుకునే ముప్పయ్యో గడిలో టిక్కు పెట్టింది. రిజిస్టరు మూసి, బోర్డు వైపు తిరిగి, నలభైతో గుణించడం ఎలాగో చెప్పడం మొదలుపెట్టింది.